మా ఇంటి బేస్తవారం

ఆ ఏకాదశి నాడు అవ్వ నాతో పంపిన మాటను నేను చేర్చలేదు. చేర్చానని ఆమెతో అబద్ధం చెప్పాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ తెలియదు. పన్నెండో ఏటి నుంచి రోజూ డైరీ రాస్తున్నాను గాని, ఆ రోజు పేజీలో కూడా చినుకులు పడ్డాయని, రెండు లెక్కలు తప్పాయని మాత్రం రాసి మూసేశాను. అవ్వ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ మాట చేరవలసింది ఒక అబ్బాయికి. అప్పుడు మేం కన్నడ సీమ అంచునున్న బాగేపల్లిలో ఉండేవాళ్ళం. నాన్న పొద్దున గుడిలో పూజ ముగించుకొని హైస్కూల్లో సంస్కృతం చెప్పడానికి వెళ్ళేవారు. ఆ అబ్బాయిది మిట్టేమరి దగ్గర పల్లె. తండ్రి లేడు. సత్రంలో పడుకొని, వారాలు చెప్పుకొని చదువుకునేవాడు. అంటే వారంలో ఏడు రోజులూ ఏడు ఇళ్ళలో భోజనం. మా ఇంటిది బేస్తవారం.

పొద్దున తొమ్మిదికి ఒకసారి, దీపాల వేళకు ఒకసారి వచ్చేవాడు. కాళ్ళు కడుక్కొని నడవలో చివరి స్తంభం దగ్గర కూర్చునేవాడు. ఆకు వేసి నీళ్ళు పెట్టడం నా పని, వడ్డించడం అవ్వ పని. తిన్నాక ఆకు తీసి, ఆ చోటు తనే అలికి వెళ్ళేవాడు. మా ఇంట్లో అతన్ని పేరుతో పిలిచేవాళ్ళం కాదు. "బేస్తవారం వచ్చినాడా?" అని అవ్వ వంటింట్లోంచి అడిగేది. వచ్చాడని నేను తల ఊపేదాన్ని. మడి కట్టుకొని లోపలే ఉన్న అవ్వకు నా తల కనిపించదు కాబట్టి మళ్ళీ అడిగేది.

ఒక బేస్తవారం వడ్డిస్తూ అవ్వ ఆగిపోయింది.

"ఏమప్పా, చెవుల ఎనక ఆ ఎర్రమన్నేమి?"

ఆటల్లో పడ్డానని అనవచ్చు. మట్టి మోశానని అనవచ్చు. అతను చేతిలోని ముద్దను ఆకులో పెట్టి, "గరిడిలో కుస్తీ పడతాండానవ్వా" అన్నాడు.

గరిడి అంటే ఊరి చివర వస్తాదులు సాము చేసే కొట్టం. లోపల జల్లెడ పట్టిన ఎర్రమన్నులో పసుపూ మజ్జిగా కలిపి గుంట నింపి ఉంటారు. అన్ని కులాల పిల్లలూ అందులో ఒకరి మీద ఒకరు పడి దొర్లుతారు. ఆడవాళ్ళు ఆ వీధిలోనే నడవరు.

"మంత్రం చెప్పాల్సిన ఒళ్ళు మన్నులో పొర్లేదేమప్పా?" అంది అవ్వ.

"మంత్రమూ వస్తాదవ్వా. నిన్ననే అయ్యగారికి అప్పజెప్పినా."

అయ్యగారంటే నాన్న.  ఆ రోజు నుంచి అతని ఆకులో మజ్జిగకు బదులు పెరుగు పడేది. బావి దగ్గర రెండు బిందెలు పోసుకోనిదే నడవ ఎక్కకూడదని ఒక షరతు కూడా పెట్టింది.

నేను తలుపు చాటున పుస్తకం పట్టుకొని కూర్చునేదాన్ని. చదివిన పేజీనే మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. మిగతా ఆరు రోజులు ఎట్లా గడిచేవో డైరీలో వెతికినా కనిపించదు. బేస్తవారాలు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటాయి: ఈ రోజు రెండుసార్లు చారు పోయించుకున్నాడు, ఈ రోజు మోచేతికి కట్టు ఉంది, ఈ రోజు నవ్వాడు.

మా స్కూల్లో ఆడపిల్లలం ఐదుగురం. మిగిలిన నలుగురూ అతన్ని "అన్నా" అని పిలిచి కన్నడం నోట్సు అడిగేవాళ్ళు. మావైపు ఆడపిల్ల పరాయి అబ్బాయితో మాట్లాడాలంటే ముందు ఆ మాట అనాలి. అన్నాక ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు. నాకు ఆ మాట నోట రాలేదు. ఒకసారి అంటే ఇక ఎప్పటికీ అదే అయిపోతుందని భయం. పేరు పెట్టి పిలవడం కుదరదు. "ఏమండీ" అనేది పెళ్ళయినవాళ్ళు అనే మాట. అందుకని మూడేళ్ళు అతన్ని ఏమీ పిలవకుండానే గడిపాను. అది ఎవరూ గమనించలేదు. మాట్లాడని పిల్లనని నాకు ముందే పేరు.

అతను తొమ్మిదో తరగతిలో ఉండగా చిక్కబళ్ళాపురంలో స్కూళ్ళ మధ్య క్రీడాకూటం, అంటే ఆటల పోటీ, జరిగింది. ప్రార్థన పాడడానికి ఆడపిల్లల్ని కూడా తీసుకుపోయారు. అక్కడ మొదటిసారి అతని కుస్తీ చూశాను. ఎదుటివాడు చింతామణి స్కూలు పిల్లవాడు, రైతుల బిడ్డ. తూకంలో ఇద్దరూ ఒకటే. కాని ఆ పిల్లవాడి భుజాలు పాలు తాగిన భుజాలు. బరిలో మన్ను చల్లుకుంటూ అందరికీ వినబడేటట్టు అడిగాడు.

"ఏమప్పా, ఈ పొద్దు ఏ ఇంటి అన్నం బలం?"

వాళ్ళ స్కూలంతా నవ్వింది. మా వాళ్ళలో కూడా కొందరు నవ్వారు. అతను లంగోటి ముడి బిగించుకుంటూ, "ఈ పొద్దు శనివారం. ఆ ఇంటి అమ్మ ఉలవచారు బాగా కాస్తాది. నువ్వూ రా ఒగసారి" అన్నాడు. ఈసారి చింతామణి పిల్లవాడే అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ పోటీలో అతను ఓడిపోయాడు. రెండు భుజాలూ మన్నుకు తగలడానికి చాలాసేపు పట్టింది గాని తగిలాయి. ఓడింది పెద్ద నష్టం కాదు. నలుగురిలో లంగోటితో నిలబడ్డాడన్న కబురు మాకంటే ముందే బాగేపల్లి చేరింది. శనివారం ఇంటివాళ్ళు ఇక రావద్దన్నారు. వారం తిరక్కుండా సోమవారం ఇల్లూ పోయింది. ఆ రెండు రోజులు ఏం తినేవాడో ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు. గరిడి మాత్రం మానలేదు.

మరుసటి ఏడు ఎస్సెల్సీ. ఈసారి క్రీడాకూటం చింతామణిలో. ఈసారి గెలిచి వస్తే హాస్టల్లో చోటు ఇప్పిస్తానని హెడ్‌మేష్ట్రు అతనికి మాట ఇచ్చారట. నాన్న భోజనం చేస్తూ ఆ మాట అవ్వతో చెప్పారు. హాస్టలంటే రోజూ రెండు పూటలా అన్నం, పరీక్షలయ్యేదాకా ఏ గడపా ఎక్కనక్కర్లేదు. "పాపం, గెలిస్తే బాగుండు" అన్నారు నాన్న. బేస్తవారాలు పోతాయని నాకు ఏడుపు వచ్చింది. అయినా గెలవాలనే మొక్కుకున్నాను.

కుస్తీ శుక్రవారం పొద్దున. ముందు రోజు బేస్తవారం ఏకాదశి. ఏకాదశి నాడు మా ఇంట్లో పొయ్యి వెలగదు. అవ్వ మంచినీళ్ళు కూడా ముట్టదు. వారాలబ్బాయి ఆ రోజు రాడు. వస్తే మాకు ఇబ్బందని అతనికీ తెలుసు. అంటే ఒక రోజంతా పస్తుండి మరునాడు బరిలో దిగాలి. డైరీ తిరగేస్తూ తిథి చూసుకున్నప్పుడు నాకు ఇది తట్టింది. ఇంట్లో ఇంకెవరికీ తట్టలేదు.

నా జీవితంలో అవ్వను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఏకాదశి పొద్దున వెళ్ళి, ఉపవాసం విడిచే ద్వాదశి పారణ ఎట్లాగూ తెల్లవారుజామునే కదా, బస్సు వేళకు ముందే అతనికి పెట్టవచ్చా అన్నాను. అవ్వ నా ముఖంలోకి చూసింది. 

"శుక్రవారం మనది కాదే. పిలవకుంటే రాడు వాడు, మర్యాదస్తుడు. నేను పిలిచినానని చెప్పు పో. నాలుగ్గంటలకే పెడతా."

చెప్తానన్నాను.

ఆ సాయంత్రం స్కూలు వదిలాక అతను బావి దగ్గర ఒక్కడే నీళ్ళు తాగుతున్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది. నేను పది అడుగుల దూరంలో పుస్తకాలు పట్టుకొని నిలబడ్డాను. చెప్పవలసింది ఐదారు మాటలు. వాటికి ముందు ఒక పిలుపు కావాలి. "అన్నా" అంటే అతను తిరిగి చూసేవాడు, రేపు కడుపునిండా తినేవాడు, గెలిచేవాడేమో. నాలుక మీదికి వచ్చిన ఆ మాటను నేను మింగేశాను. అతను నీళ్ళు తాగి, మొహం తుడుచుకొని, నన్ను చూసి పక్కకు తప్పుకొని దారి ఇచ్చాడు. బావికి వచ్చాననుకున్నాడు. నేను నిజంగానే వెళ్ళి చేద వేశాను.

చీటీ రాసి పంపొచ్చు. అబ్బాయికి చీటీ రాసిన పిల్లకు బాగేపల్లిలో ఏం జరుగుతుందో నాకు తెలుసు.

"చెప్పినావా?" అంది అవ్వ.

"చెప్పినానవ్వా."

తెల్లవారక ముందే అవ్వ అవిసాకు కూర, పెసరపప్పు, ఉసిరికాయ పచ్చడి చేసింది. నిన్నటి నుంచి నీళ్ళు తాగని మనిషి, అతను వచ్చి కూర్చుంటే తానూ తింటానని గడప దగ్గర కూర్చుంది. చివరి స్తంభం దగ్గర నేనే ఆకు వేశాను. ఎందుకు వేశానో! అతను రాడని నాకొక్కదానికే తెలుసు. దూరంగా బస్సు బయల్దేరిన చప్పుడు విన్నాక అవ్వ లేచింది. "చెప్పి పంపినా రాలేదే" అని ఒక్క మాట అని, ఆ ఆకు తీసి ఆవుకు వేసింది.

ఆడపిల్లల్ని తర్వాతి బస్సులో తీసుకుపోయారు. మేం చింతామణి చేరి ప్రార్థన పాడేసరికి అతను బరి పక్కన కూర్చొని ఉన్నాడు. తక్కిన పిల్లలు మూటల్లో సంగటీ చిత్రాన్నమూ తెచ్చుకున్నారు. అతను గుప్పెడు చెనిక్కాయలు నమిలి ఊరుకున్నాడని తర్వాత విన్నాను.

ఎదుటివాడు పోయినేటి పిల్లవాడే. ఈసారి వెక్కిరింపు లేదు. చేతులు కలిపారు. మొదట్లో అతనిదే పైచెయ్యి. నడుం పట్టి లేపి పడేశాడు. ఒక భుజం మన్నుకు తగిలింది. రెండోది బెత్తెడు ఎత్తులో ఆగింది. మా స్కూలు పిల్లలు లేచి నిలబడ్డారు. నేను పక్కపిల్ల చెయ్యి పట్టుకున్నాను. అంతలో అతని మోకాళ్ళు వణకడం నాకు కనిపించింది. చింతామణి పిల్లవాడు కింది నుంచి జారి పైకి వచ్చాడు. అతను బోర్లా పడి, రెండు చేతులూ చాపి, నేలను పట్టుకున్నట్టు పడుకున్నాడు. తిప్పితేనే ఓటమి. ఎదుటివాడు మెడ కింద చెయ్యి పెట్టాడు, కాలు మెలివేశాడు, తిప్పలేకపోయాడు. ఎంతసేపో. చూసేవాళ్ళ అరుపులు కూడా తగ్గిపోయాయి. చివరకు అతను తిరగలేదు, అతనిలో ఏదో సడలిపోయింది. ఎర్రమన్ను నిండిన ముఖం ఆకాశం వైపు తిరిగింది.

గెలిచినవాడు చెయ్యి ఎత్తలేదు. వంగి అతన్ని కూర్చోబెట్టాడు.

"నువ్వు నిన్నట్నుంచీ తిన్లేదా?"

"ఏకాదశి."

"ముందే చెప్పింటే కుస్తీ రేపు పెట్టుకుంటాంటిమి కదప్పా."

దగ్గరున్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు.  చింతామణి పిల్లవాడు మణికట్టు పట్టుకొని, అతన్ని అట్లాగే మన్ను ఒళ్ళుతో ఇంటికి తీసుకుపోయాడు. ఆ పిల్లవాడి తల్లి రాగిసంగటీ, బచ్చలాకు పప్పూ పెట్టిందట. అతను తిన్నాడు. రైతుల ఇంట్లో సంగటి తిన్నాడన్న కబురు ఆదివారానికి మిగిలిన ఇళ్ళన్నింటికీ చేరింది.

నాలుగు ఇళ్ళూ వద్దన్నాయి. మా ఇల్లు ఒక్కటే మిగిలింది. అవ్వ ఏమంటుందోనని నాన్న భయపడ్డారు. అవ్వ సంగటి మాటే ఎత్తలేదు.

"ఆకలైంది, తిన్నాడు. దానికి నేనేమీ అనను. కన్నతల్లి మాదిరి పిలిచి నీళ్ళు గూడా తాగకుండా కూచుంటిని. గడప తొక్కలేదే. మన అన్నం వానికి చేదైంది. ఇంక వద్దు."

నాన్న తల వంచుకొని తిన్నారు. నేను వడ్డిస్తున్నాను. అప్పుడైనా చెప్పవచ్చు. గిన్నె కింద పెట్టి, నేను చెప్పలేదవ్వా అంటే సరిపోయేది. చెప్తే, ఎందుకు చెప్పలేదని అడిగేది. దానికి నా దగ్గర ఇంట్లో అనగలిగిన జవాబు లేదు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి అతని చివరి ఇల్లు కూడా నేనే తీసేశాను.

అతను బేస్తవారం పొద్దున వచ్చాడు. చేతిలో రేకుపెట్టె ఉంది. తల తడిగా ఉంది, చెవుల వెనక ఒక్క రేణువు మన్ను లేదు. అవ్వ వంటింట్లోంచి బయటికి రాలేదు. ఎందుకో అతనికి తెలియదు. సంగటి వల్లనే అనుకొని ఉంటాడు. గడప అవతల నిలబడి వంటింటి వైపు దండం పెట్టాడు. చింతామణి పిల్లవాడి నాయన తమ ఇంటి పక్క గది ఇస్తానన్నాడని, అక్కడి స్కూల్లోనే ఎస్సెల్సీ రాస్తానని నాన్నతో చెప్పాడు. నాన్న పంచె కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ, సంస్కృత శబ్దరూపాలు రోజూ వల్లె వెయ్యమన్నారు.

నేను వాకిలి దాకా వెళ్ళాను. ఎవరూ వెళ్ళమనలేదు, ఎవరూ ఆపలేదు. ఇప్పుడు చెప్పాలి, ఆ రోజు మా అవ్వ నిన్ను పిలిచిందని. పిలుపు ఏదైతే ఏం, ఈసారి అనేస్తాననుకున్నాను. నోరు తెరిచాను. అతను పెట్టె భుజానికి ఎత్తుకొని, నేను మాట్లాడుతానేమోనని కాసేపు ఆగాడు. మూడేళ్ళలో అతను నా ముఖంలోకి నేరుగా చూసింది అప్పుడే. నేనేమీ అనకపోయేసరికి తనే అన్నాడు.

"సత్రంలో కొత్తగా ఒగ పిల్లోడు వచ్చిండాడు. బేస్తవారం ఖాళీగా పెట్టొద్దని అవ్వకు చెప్పమ్మా."