భీమన్న వదిలిన గడి

తన చేతి పని ఇంకొకరి పేరు మీద ఊరేగుతుంటే, ఆ ఊరేగింపులో తన చేతికే టీ ట్రే ఇచ్చిన రోజును హనుమక్క మరవలేదు. మరిచే రకం కాదు ఆమె.

అది 1988 వేసవి. ఆదోనిలో వెంకోబారావు టైపు ఇన్‌స్టిట్యూట్ గుమ్మానికి మామిడాకులు కట్టారు. జిన్నింగు మిల్లుల గుమాస్తాలు, వకీళ్లు, ఇద్దరు ఆఫీసర్లు వచ్చి కూర్చున్నారు. వెంకోబారావు కంప్యూటర్ మీట నొక్కగానే తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన పేరు వెలిగింది. మొన్నటిదాకా అక్కడ ఉన్నది ‘భీమన్న, హనుమక్క, ఎమ్మిగనూరు’ అని. తర్వాత ప్రింటర్ కిర్రుకిర్రుమంటూ ఒక అర్జీని అచ్చేసింది, నిండా తెలుగులో.

“అబ్బ, ప్రెస్సులో కొట్టినట్టే ఉంది కదప్పా!” అన్నాడొక ఆఫీసరు. కాగితం చేతులు మారింది. అందరూ వెంకోబారావు భుజం తట్టారు. ఆ ఆఫీసరే హనుమక్క వైపు తిరిగి, “ఏమ్మా, చక్కెర తక్కువేసినావే” అన్నాడు.

సాయంత్రం ఎమ్మిగనూరు బస్సులో ముప్పై కిలోమీటర్లూ నిలబడే వచ్చింది. సీట్లు ఖాళీగా ఉన్నాయి. కూర్చోవాలని ఆమెకు తోచలేదు.

ఆ అక్షరాలు ఎట్లా పుట్టాయో చెప్పాలి. హనుమక్క తండ్రి భీమన్న ఎమ్మిగనూరులో జాకార్డు మగ్గాలకు నమూనాలు గీసేవాడు. దుప్పటి మీద నెమలి రావాలంటే ముందు గళ్ల కాగితం మీద రావాలి. నిండిన గడికి అట్టలో బెజ్జం కొడతారు, ఖాళీ గడికి కొట్టరు. మగ్గం ఆ అట్టను చదువుకుని నేస్తుంది. భీమన్నకు ఒక ఆచారం ఉండేది. ఎంత గొప్ప నమూనాలోనైనా, నిండాల్సిన గడి ఒకటి కావాలని ఖాళీగా వదిలేసేవాడు. “లోపం లేని గుడ్డకు దిష్టి తగుల్తాదే పాపా. నరుని కంటికి ఒక గడి ఇడిసిపెట్టాల” అనేవాడు. నేసినవాళ్లకు కూడా ఆ గడి కనబడేది కాదు. ఆయనకు, ఆయన కూతురికి మాత్రం తెలుసు.

పదో తరగతి, టైపు హయ్యరు పాసైన హనుమక్క వెంకోబారావు దగ్గర టైపిస్టుగా చేరింది. ఎనభై ఆరులో ఆయన కంప్యూటర్ తెప్పించాడు. అది ఇంగ్లీషు తప్ప ఇంకేమీ కొట్టదు. రేషన్ కార్డుకో, మోటారు కరెంటుకో అర్జీ పెట్టుకోవడానికి ఆస్పరి నుంచి వచ్చిన రైతు, ఆ కాగితంలో ఏముందో తెలియకుండానే వేలిముద్ర వేసి పోయేవాడు. ఒకరోజు ప్రింటర్ పుస్తకం తిరగేస్తుంటే హనుమక్కకు గళ్ల బొమ్మ ఒకటి కనబడింది. ఎనిమిది సూదులు, నిండిన గడికి సూది కొడుతుంది, ఖాళీ గడికి కొట్టదు. ఆమెకు నవ్వొచ్చింది. ఇది మా నాయన మగ్గమే కదా!

రెండేళ్లు పట్టింది. చూపు మందగించిన భీమన్న భూతద్దం పెట్టుకుని అక్షరాలను గళ్లలో గీశాడు. ఆమె గళ్లను అంకెలుగా మార్చి, అరువు పుస్తకాలు చదివి ప్రోగ్రాం రాసింది. అయ్యాక తండ్రి ‘భ’ అక్షరం కడుపు గీతలో ఒక గడిని చెరిపేశాడు. “మన ఇంటి పేరుకు మొదటక్షరం కాకపోయినా, నా పేరుకైనా మొదటక్షరం” అన్నాడు. అదే ఆయన గీసిన చివరి నమూనా. ఆ చలికాలం దాటలేదు.

టీ పంచిన వారానికి ఒక వకీలు గుమాస్తా వచ్చి, ఒత్తు ఒకటి పక్కకు జరిగి పడుతోందన్నాడు. హనుమక్క దిద్దుదామని కూర్చుంది. ప్రోగ్రాం నడుస్తోంది గానీ లోపలి వరుసలు తెర మీదికి రావడం లేదు. ఎన్నిసార్లు అడిగినా కంప్యూటర్ కాదన్నది.

“సార్, లోపలిది కనపడ్ల్యా. ఏం చేసినారు?”

“తాళం వేసినా” అన్నాడు వెంకోబారావు, పేపరు మీద నుంచి కళ్లెత్తకుండా. “కర్నూలు నుంచి ఒకాయనను పిలిపించి వేయించినా. ఇంక ఎవరూ చూడలేరు, మార్చలేరు. ఫ్లాపీ కొనుక్కుంటే నడుపుకోవచ్చు, అంతే.”

“నేను రాసింది నేను సూడకూడదా?”

“కంప్యూటర్ ఎవరిది? కరెంటు ఎవరిది? నువ్వు కూచున్న కుర్చీ ఎవరిది?”

“అక్షరాలు మా నాయనవి సార్.”

“అక్షరాలు సరస్వతివమ్మా” అని నవ్వాడు ఆయన. “పో, టైపు చూసుకోపో.”

ఆమె లేచింది. కుర్చీని జాగ్రత్తగా బల్ల కిందికి తోసి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ అక్కడికి పనికి పోలేదు.

పంచాయతీ పెట్టమన్నారు కొందరు. కోర్టుకు పొమ్మన్నారు ఇంకొందరు. కోర్టుకు పోతే వెంకోబారావుకు నష్టమేముంది? పదేళ్లు తిరుగుతాడు, పెద్దమనిషిలాగే తిరుగుతాడు. ఆమెకు కావలసింది అది కాదు. ఆయన ఏ తాళం చూసుకుని మీసం తిప్పుతున్నాడో, ఆ తాళం వెనక దాచుకోవడానికి ఏమీ మిగలకూడదు.

తండ్రి గీసిన గళ్ల కాగితాలు, తాను వరుస వరుసగా రాసుకున్న నోటు పుస్తకం ఇంట్లోనే ఉన్నాయి. వాటిని మూట కట్టుకుని ఆదోని స్టేషన్ రోడ్డులో మహబూబ్ బాషా జిరాక్సు అంగడికి పోయింది.

“ఎన్ని కాపీలక్కా?”

“నీ మిషన్ అలిసిపోయేదాకా.”

మహబూబ్ బాషా మొదటి పేజీ చదివి తలెత్తాడు. “అరె, ఊరికే ఇస్తావా? అమ్ముకోవచ్చు కదక్కా, పిచ్చా నీకు?”

“అమ్మితే ఆయనకు పోటీ అంగడి పెట్టినట్టయితాది బాషా. ఊరికే ఇస్తే ఆయన అంగడే ఉండదు.”

మొత్తం ముప్పై ఒక్క పేజీలు. ఏ వరుస ఏం చేస్తుందో పక్కన తెలుగులో రాసింది. మొదటి పేజీ మీద ఇట్లా ఉంది: “దీన్ని ఎవరైనా కొట్టుకోవచ్చు. ఎట్ల కావాలంటే అట్ల దిద్దుకోవచ్చు. దిద్దింది ఇంకొకరికి ఇయ్యాల, లోపలిది చూపించి ఇయ్యాల. దీనికి తాళం వేసినోనికి భీమన్న ఉసురు తగుల్తాది.”

వెంకోబారావు దగ్గర ఫ్లాపీ కొన్న ప్రతి మిల్లుకూ, ప్రతి వకీలుకూ ఆమె స్వయంగా వెళ్లి ఇచ్చింది. ఆస్పరికి పోయింది, కృష్ణగిరికి పోయింది. కంప్యూటర్ ఉన్న చోటల్లా ఒక కట్ట, లేని చోట అది కొనబోతున్నవాళ్లకు ఒక కట్ట. ఎండలో బస్సులు మారుతూ తిరుగుతుంటే ఆమె ముఖంలో పెళ్లికూతురి కళ వచ్చిందని మహబూబ్ బాషా అన్నాడు. అది పగ కళ అని అతనికి తెలియదు. గుమాస్తాలు తీరిక వేళల్లో వరుసలు కొట్టుకున్నారు. ఒకడు వంకర ఒత్తును దిద్దాడు, ఇంకొకడు కన్నడ అక్షరాలు చేర్చాడు. ఫ్లాపీ అడిగేవాడు లేకుండా పోయాడు.

వెంకోబారావుకు మండింది. టీ తాగిపోయిన పెద్దమనుషులనే మళ్లీ ఇన్‌స్టిట్యూట్‌కు పిలిపించి, హనుమక్కను వాళ్ల ముందు నిలబెట్టాడు.

“నా సొత్తు దొంగతనం చేసి ఊరంతా పంచుతోంది. అడగండి!”

హనుమక్క సంచిలోంచి తండ్రి భూతద్దం తీసింది. ప్రారంభం రోజున అచ్చేసిన అర్జీని పటం కట్టించి గోడకు తగిలించాడు వెంకోబారావు. దాన్ని దించి ఆఫీసరు ముందు పెట్టింది.

“దీంట్లో ‘భ’ యాడుందో సూడండి సార్. కడుపు గీతలో ఒక సుక్క లేదు.”

ఆఫీసరు అద్దంలోంచి చూశాడు. “ఔను, లేదు.”

“సూది అరిగి ఉంటాది” అన్నాడు వెంకోబారావు.

“సూది అరిగితే వరసంతా తెల్లగీత పడాల సార్. పక్కన ‘మ’ నిండుగా ఉంది, ‘వ’ నిండుగా ఉంది. ఎన్ని ‘భ’లుంటే అన్నింట్లో అదే సుక్క పోయింది. మీరు రాసినారు కదా, ఎందుకు ఇడిసినారో చెప్పండి.”

ఆమె తండ్రి గళ్ల కాగితం పరిచింది. పసుపుబారిన కాగితంలో ‘భ’ ఉంది. నిండిన గళ్ల నడుమ చెరిపిన గడి ఒకటి, చుట్టూ భీమన్న వేలి నూనె మరక.

ఆఫీసరు కళ్లద్దాలు తుడుచుకుని, “వెంకోబారావ్, టీ ఏమొద్దులే” అని లేచాడు. ఒకరి తర్వాత ఒకరు చెప్పులు వెతుక్కున్నారు.

అక్కడితో ఆమె కడుపు చల్లబడిందనుకుంటే పొరపాటు. ఆమె ఎమ్మిగనూరులో మగ్గాల సందులో చిన్న గది తీసుకుని, పాత కంప్యూటర్ ఒకటి పెట్టుకుని అర్జీలు కొట్టసాగింది. గోడకు తండ్రి ‘భ’ తగిలించింది. ఇంకా దేనికోసమో కాచుకుని ఉన్నట్టుండేది.

అది ఏడాదిన్నరకు దానంతటదే వచ్చింది. ఒక మధ్యాహ్నం వెంకోబారావు గుమ్మం ముందు నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. చేతిలో ఒక కాగితం. కొత్త ప్రింటర్ కొన్నాడట, దాని సూదుల లెక్క వేరట. అక్షరాలన్నీ నడుముకు తెగి, తలలొక వరుసలో, కాళ్లొక వరుసలో పడ్డాయి.

“ఒక్క అంకె మారిస్తే సరిపోతాదంట” అన్నాడు తలవంచుకుని. “తాళం తీసేకి కావడం లేదు. వేసినాయన దేశం మీద పోయినాడు. తాళం లేని కాపీ నా దగ్గర లేదు హనుమక్కా. ఊర్లో ఎవరినడిగినా, రాసింది నువ్వే కదా అని నవ్వుతారు. పాతది చెరిపేసినా, నువ్వు చూడకూడదని.”

ఆమె ఆ తెగిన అక్షరాలను చూసింది. మహబూబ్ బాషా దగ్గరికి పంపి ఉండవచ్చు. గదిలోనే పది కట్టలు ఉన్నాయి, వాటిలో ఒకటి చేతికిచ్చి ఉండవచ్చు. తన మొదటి పేజీ మాట ప్రకారం ఇవ్వనని మాత్రం అనడానికి లేదు.

నోటు పుస్తకం తీసి ఆయన ముందు పెట్టింది. తెల్లకాగితాలు, పెన్ను పక్కన పెట్టింది. కుర్చీ లాగింది. వాళ్లిద్దరూ కలిసింది అదే ఆఖరు. ఆమె అన్నది ఇది:

“కూచోని రాసుకోండి సార్. ముప్పై ఒక్క పేజీలు, ఒక్క అంకె తప్పినా నడవదు. టీ నేనే తెస్తా. చక్కెర ఎంత వేయాల్నో ఈసారి ముందే చెప్పండి.”