‘లేదు’ పక్కన పెట్టిన టిక్కు

ఆ రోజు క్లినిక్ గదిలో ఉన్నది ముగ్గురం: కుడి భుజం విరిగిన అన్నయ్య, నేను, మమ్మల్ని కారులో తీసుకొచ్చిన రాజారత్నం అంకుల్. వస్తువులు: మూడు కుర్చీలు, గోడ మీద వెన్నెముక బొమ్మ, అట్టకు బిగించిన రెండు పేజీల ఫారం, దారంతో కట్టిన పెన్ను. ఆరేళ్లుగా ఆ గదిని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెప్పడం కాస్త సులువు.

అన్నయ్య ఇక్కడ కెనడాలో, కేంబ్రిడ్జ్ అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో పనిచేసేవాడు. పై అర నుంచి పెట్టె జారి అతని భుజం మీద పడింది. ఆపరేషన్ తర్వాత వాడాల్సిన నొప్పి మాత్రలు కొందరికి వ్యసనంగా మారే రకం కాబట్టి, అవి రాసే ముందు డాక్టర్ ఆ ఫారం నింపమన్నారు. అన్నయ్య చెయ్యి కట్టులో ఉంది. రాసింది నేను. నేను ఇంజినీర్ని, మా ఇంట్లో ఫారాలు ఎప్పుడూ నా పనే.

వయసు, బరువు, వాడుతున్న మందులు. తర్వాతి ప్రశ్న: తల్లిదండ్రుల్లో ఎవరికైనా మద్యం లేదా మత్తుమందుల వ్యసనం ఉందా?

ఉంది. నాన్న తాగి తాగి, లివర్ పాడై చనిపోయాడు. అమ్మ మాత్రం అందరికీ పచ్చకామెర్లని చెప్పింది. చర్చిలో ప్రార్థన కోరినప్పుడూ అదే మాట. పూర్తి అబద్ధమూ కాదు. లివర్ పోయినవాడి కళ్లు పచ్చబడతాయి. ఆ మాటను మేం కెనడా దాకా తెచ్చుకున్నాం. రాజారత్నం అంకుల్ ఇక్కడి మా తెలుగు చర్చికి పెద్ద. చదవడానికి ఏది కనిపించినా మెడ చాచి చదివే మనిషి. ఆయన కళ్లజోడు నా భుజం మీదుగా ఫారం వైపు వంగింది.

‘లేదు’ పక్కన టిక్కు పెట్టాను. చిన్నతనంలో ఇంట్లో భయంగా గడిపిన రోజులున్నాయా? లేదు. పదహారేళ్ల లోపు తాగడం మొదలుపెట్టారా? లేదు. మూడూ అబద్ధాలే.

అంకుల్ కాఫీకి వెళ్లాక అన్నయ్య నెమ్మదిగా అడిగాడు.

“నాన్న సంగతి రాశావా?”

“రాశా.”

“అంకుల్ చూశారా?”

“లేదులే.”

“మంచి పని చేశావురా. డాక్టర్‌కి తెలియాలి కదా. నాదీ ఆ రక్తమే.”

ఫారం ఇంకా నా ఒడిలోనే ఉంది. ఒక్క గీత చాలు దిద్దడానికి. ఎందుకు దిద్దలేదు? రాశానని అప్పటికే చెప్పేశాను, అది ఒకటి. కొట్టివేతలున్న కాగితం ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు నాకు. నవ్వకండి, అదీ ఒక కారణమే.

మాత్ర వేసుకున్న మొదటి వారమే అన్నయ్య ఒక మాటన్నాడు: నొప్పి తగ్గడం సంగతి అటుంచు, లోపలి చప్పుడు ఆగిపోయిందని. నాన్న సంగతి తెలిసే డాక్టర్ ఇచ్చారనుకుని నిశ్చింతగా మింగాడు. ఎముక అతుక్కుంది. మాత్రలు ఆగలేదు. డాక్టర్ మానేయమంటే బయట కొనుక్కున్నాడు. ఉద్యోగం పోయింది. చికిత్సకు రెండుసార్లు చేరాడు. రెండోసారి కుటుంబాన్నీ కూర్చోబెట్టి మాట్లాడించినప్పుడు, డాక్టర్ అన్నీ తెలిసే ఇచ్చారని, తప్పంతా తన బుద్ధిదేనని కౌన్సెలర్‌తో చెప్పాడు. పక్క కుర్చీలో నేను నా బూటు లేసు చూసుకుంటూ కూర్చున్నాను.

అప్పటి నుంచి వ్యసనం గురించి దొరికిందల్లా చదువుతున్నాను. నా కుతూహలం ఒక్కటే: అతనే ఎందుకు, నేను ఎందుకు కాదు? జ్ఞానదంతం తీసినప్పుడు నాకూ అదే మాత్ర ఇచ్చారు. రెండు వేసుకుని వాంతి చేసుకున్నాను. మిగిలినవి మందుల షాపులో తిరిగి ఇచ్చేశాను. మా ఇద్దరికీ నాన్న ఒక్కడే, ఇల్లు ఒక్కటే. వంశం నుంచి వచ్చేది కొంతే, అది కూడా పిల్లలందరికీ సమానంగా రాదట. మిగతాది? నాన్న రోడ్డు మీద పడిపోతే వెళ్లి లేపుకొచ్చింది పదేళ్ల అన్నయ్య. నేను నాలుగేళ్లవాణ్ని, నిద్రపోతూ ఉండేవాణ్ని. మొదటి బీరు అతనికి పద్నాలుగో ఏట. ఇక్కడికొచ్చాక మాట్లాడే మనిషి లేని షిఫ్టులు. ఒక్కొక్కటీ విడిగా ఏమీ తేల్చదు. అన్నీ కలిసినా తప్పక జరుగుతుందని ఎవరూ చెప్పలేరు. కానీ వాటిలో మూడింటిని ఆ ఫారం అడిగింది. నిజం రాసి ఉంటే డాక్టర్ తక్కువ మాత్రలు ఇచ్చేవారా, వారం వారం రమ్మనేవారా, లేక అవే ఇచ్చేవారా? అది తెలుసుకునే దారి లేకుండా చేసింది నేను.

ఇక్కడిదాకా నిన్న రాశాను. మీకంటే ముందు చదవాల్సిన మనిషి ఒకరున్నారని అప్పుడు తట్టింది. మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నయ్య ఫోన్‌కు పంపాను. పంపాక అన్నం తిన్నాను. చాలా కాలానికి రుచి తెలిసింది. క్షమించమని అడగలేదు. అడిగితే అతను వెంటనే సరే అంటాడు, అది నాకు తెలుసు.

చదివినట్టు నీలం గుర్తులు వచ్చాయి. జవాబు రాలేదు. ఇప్పటికి ఇరవై ఆరు గంటలు.