ఖాసింబీ నీళ్లు తాగింది

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతు దాటలేదు. మా ఆయనకు చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా దాని దాకా వచ్చి పక్కకు తప్పుకునేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను.

కర్నూలు వైపు ఒక ఆసుపత్రిలో నర్సుని. ఆడవాళ్ల వార్డు నాది. మూత్రానికి పైపు వేసినవాళ్ల మంచానికి యూరిన్ బ్యాగు వేలాడుతుంది. దాన్ని జగ్గులోకి వంపి, ఎంత వచ్చిందో చార్టులో రాసి పారబోయాలి. మనిషికొక జగ్గు ఉండాలి, మంచం మంచానికీ గ్లౌజులు మార్చాలి. లేకపోతే ఒకరి క్రిమి ఇంకొకరి పైపులోకి ఎక్కుతుంది. మా వార్డులో వరుసంతటికీ ఒకటే జగ్గు. ఎండాకాలం కుళాయి రాని రోజుల్లో దాన్ని చివరి మంచం అయ్యాకే కడిగేవాళ్లం. అందరూ అంతే చేసేవాళ్లు. అందరూ అంటే, నేనూ.

ఆ రోజు పొద్దున తొమ్మిదో మంచం ఆమె మూత్రం రిపోర్టు వచ్చింది. ఏ మందుకూ లొంగని క్రిమి. ప్రతి మందు పేరు పక్కనా అదే అక్షరం, పనిచేయదని చెప్పే 'R'. చదివి, మడిచి, కేసుషీటులో పెట్టాను. ఆమె బ్యాగు వంపి, అదే జగ్గుతో, అవే గ్లౌజులతో పదో మంచానికి వెళ్లాను. మరిచిపోయానా? లేదు. బీరువా తాళం అడిగి కొత్త జగ్గు తెచ్చుకోవడానికి బద్ధకించాను, అంతే. నీళ్లు లేవు కదా అని తర్వాత ఎన్నాళ్లో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, క్రిములు చావడానికి చేతులకు రాసుకునే మందు సీసా నా ట్రాలీ మీదే ఉండింది.

పదో మంచం ఖాసింబీది. పత్తికొండ మండీలో టమాటాలు ఏరే మనిషి, తుంటి విరిగి వచ్చింది. ఆ పొద్దున తర్వాత మూడో రోజుకు చలిజ్వరం పట్టుకుంది. ఆమె మూత్రం రిపోర్టూ వచ్చింది. అదే క్రిమి, ప్రతి మందు పక్కనా అదే అక్షరం.

ఆమె కూతురు నూర్జహాన్ వరండాలో నన్ను ఆపింది.

"కాలిరిగితే జరమెందుకు వస్తాదక్కా?"

"మీయమ్మ నీళ్లు సరిగ్గా తాగలేదు. నువ్వు చూసుకోవద్దా?"

"రెండు పూటలు మండీకి పోయింటి అక్కా. నేనే తాపలేదు."

గోడకు ఆనుకుని కూలబడింది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ట్రాలీ తోసుకుంటూ వెళ్లిపోయాను. వారం తిరక్కుండా ఖాసింబీ పోయింది.

ఆ పొద్దున పదకొండు, పన్నెండు మంచాలకూ అదే జగ్గు పట్టుకుపోయాను. వాళ్లు డిశ్చార్జి అయి ఊళ్లకు వెళ్లారు. ఏమయ్యారో తెలియదు. వాళ్లతో పాటు ఏం వెళ్లిందో తెలుసు.

పోయిన ఎండాకాలం పని మీద పత్తికొండ వెళితే, మండీ దగ్గర నూర్జహాన్ నన్ను గుర్తుపట్టింది. నీడలో కూర్చోబెట్టి చెంబు చేతికిచ్చింది.

"తాగక్కా. మాయమ్మ నీళ్లు తాగకనే పాయ, నేను తాపకనే."

చెంబు ఖాళీ చేశాను. అప్పుడూ చెప్పలేదు. ఎంత పిరికిదాన్నో చూడండి.

నూర్జహాన్, మీయమ్మ నీళ్లు తాగింది. నువ్వు లేని ఆ రెండు పూటలూ గ్లాసు అందించింది నేనే. ఎన్ని తాగిందో చార్టులో రాసిందీ నేనే.