పెరగని రాళ్ళకుప్ప

మా చేను క్యాసంబళ్ళి ఊరికి బంగారు గనుల వైపున ఉంది. నాన్న పోయాక దాన్ని ఎవరూ దున్నలేదు. కంపచెట్లు మొలిచి, రాళ్ళు తేలి, మేకలు కూడా మొహం చాటేసేంత బీడుపడింది. ఈమధ్య మా అన్న బెంగళూరులో ఉద్యోగం విరమించి వచ్చాడు. వస్తూనే ఒక మినీ ట్రాక్టర్ కొని, తొలివానకే రాగులు వేస్తానని పట్టుబట్టాడు. మొండి ఘటం. చిన్నప్పటి నుంచీ అంతే.

అమ్మకు అసలు భయం చేని నడుమనున్న రాళ్ళకుప్ప. మోకాలెత్తు ఉంటుంది. దున్నినప్పుడల్లా తగిలిన రాళ్ళను ఏరి దానిమీద వేయడం మా ఇంటి అలవాటు.

"మా అత్త కాలం నుంచీ ఏస్తానే ఉండాము. కుప్ప మాత్రం ఇంతే ఉండాది. ఆ రాళ్ళన్నీ యాడికి పోయినాయప్పా? నువ్వు దాని జోలికి పోవద్దు," అంది.

"మన్ను కప్పేసింటాది లేమ్మా. కుప్ప తీసేస్తే ఇంగ నాలుగు సాళ్ళు ఎక్కువొస్తాయి," అని అన్న నవ్వేశాడు.

నాకు నవ్వు రాలేదు. పెళ్ళయినప్పటి నుంచి నేను గనుల పక్కనున్న రాబర్ట్‌సన్‌పేటలో ఉంటున్నాను. బంగారం కోసం ఎవరెవరో తవ్వి, పైన దుంగలు పరిచి వదిలేసిన గుంతల గురించి అక్కడ వినని మనిషి లేడు. ఆ మాటే అన్నతో అన్నాను. "భయమైతే ఇంట్లో కూచో," అన్నాడు. ఒళ్ళు మండింది.

అయినా దున్నే రోజు వెళ్ళాను. అమ్మా వచ్చింది. అన్న చేను చుట్టూ తిరుగుతూ దున్నుతున్నాడు. కల్టివేటర్ కొర్రులు రాళ్ళకు తగిలి కీచుమంటున్నాయి, బండి ఎగిరెగిరి పడుతోంది. చుట్టు చుట్టుకూ కుప్పకు దగ్గరవుతున్నాడు. ఉన్నట్టుండి ఆ కీచు ఆగిపోయింది.

"చూడు, ఈడ మన్ను ఎంత మెత్తగా ఉండాదో! ఒక్క రాయీ తగల్లేదు," అని సంబరంగా అరిచాడు.

చేనంతా రాయైతే, ఎవరో తవ్వి కప్పిన చోటు కాకపోతే అక్కడొక్కచోట మెత్తగా ఎందుకుంటుంది? అమ్మకు చెబుదామని తిరిగితే పక్కన లేదు. కుప్పమీద కూర్చుని ఉంది, ఒళ్ళో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని.

అన్న బ్రేకు తొక్కాడు. "లెయ్యమ్మా!"

"నువ్వు బండి ఎనక్కి తీస్కపో. అప్పుడు లేస్తా."

విసుక్కుంటూ గట్టు దాకా వెనక్కి పోనిచ్చి, ఇంజను ఆపి, దిగి వచ్చాడు. రెక్క పట్టుకుని అమ్మను లేపాడు. ఆమె కూర్చున్న చోట ఒక రాయి లోపలికి జారింది. దాని వెనకే ఇంకొకటి. ముగ్గురం పరుగెత్తి గట్టెక్కాం. తిరిగి చూస్తే కుప్ప లేదు. నులకమంచమంత నల్లటి గుంత ఉంది. చాలాసేపు దాకా లోపలెక్కడో రాళ్ళు పడుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "కింద గుంత ఉందని తెలిసే కూచున్నావామ్మా?"

"తెలిసే. నా మీదికైతే తోలడు కదా."

"నువ్వు పోయింటే?"

"నేనెంత బరువుంటానమ్మా?" అంది, చీర దులుపుకుంటూ. "ఆ బండి బరువు, వాడి బరువు చూడు."

అన్న గట్టుమీద కూలబడి, మొహం కప్పుకుని ఏడ్చాడు.