ఇటుక మీద ఇటుక బొమ్మ

మా డ్రాయింగు అయ్యవారు పోయారని నగరి బస్టాండులో తెలిసింది. చెప్పినాయన చర్చి కమిటీ పెద్ద. "మంచి మనిషప్పా. చర్చి అంటే ఆయనకు పానం" అన్నాడు. ఆ మాట ఆ నోటి నుంచి వినేసరికి నాకు ఒళ్లు మండింది.

ఎందుకో తెలియాలంటే ఆ చర్చి గురించి చెప్పాలి. పూత లేని ఎర్ర ఇటుక కట్టడం. ఎప్పుడో ఒక తెల్లదొర తన దేశపు పాత చర్చిల తీరులో కట్టించాడట. అయ్యవారు మమ్మల్ని, మగ్గాల ఇళ్ల పిల్లల్ని, దాని ముందు కూర్చోబెట్టి బొమ్మ గీయించేవారు. మధ్యయుగాల్లో ఐరోపా ఉత్తర తీరాన రాయి దొరకని ఊళ్లవాళ్లు మట్టిని కాల్చి, ఇటుకలతోనే అంతెత్తు చర్చిలు లేపారని చెప్పేవారు. తాత మొదలుపెడితే మనవడు ముగించేవాడట. కమాను మొనతేలి ఉంటే పైబరువు చాలామటుకు నిటారుగా కిందికి దిగుతుందనీ, పక్కలకు తోసే మిగతా బరువును బయటి ఊతగోడలు కాస్తాయనీ ఆయనే నేర్పారు. నేను కమానును గుండ్రంగా గీస్తే నెత్తిన మొట్టి, "మొన యాడ పోయిందిరా? బరువు మీ నాయన మోస్తాడా?" అనేవారు. ఈరోజుకీ ఏ గోడను చూసినా బరువు ఎటు దిగుతోందో వెతుకుతాను. ఆ చూపు ఆయన పెట్టిన భిక్ష.

తర్వాత కమిటీకి ఆ ఇటుకలు నామోషీ అయ్యాయి. పూత పూయకుండా వదిలేసిన ఇల్లులా ఉందన్నారు. అయ్యవారు ఇల్లిల్లూ తిరిగారు. "సున్నంతో కట్టిన గోడప్పా అది. సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచిపోతాది, ఇటిక పిండయిపోతాది" అని బతిమాలారు. ఒక్కరూ వినలేదు. పూత పూసి, దానిమీద ఎర్రరంగు కొట్టించి, ఆ పెద్దే ఆయన్ను పిలిపించాడు.

"మీకు కావాల్సింది ఇటికలే గదా అయ్యవారూ? తెల్లగీతలు మీరే గీయండి, చెయ్యి తిరిగినోళ్లు!"

ఆయన గీయలేదు. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ప్రార్థన ఇంట్లోనే చేసుకున్నారు. రెండు వానాకాలాలకే లోపలి గోడలు ఉబ్బాయి. "చెప్తి గదరా" అన్నారు నాతో, అంతే. ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదు.

మొన్న ఆదివారం అయ్యవారి సమాధి చూడటానికి పోయాను. కమిటీవాళ్లే కట్టించారు. దూరానికి ఎర్ర ఇటుకలు, తలవైపు మొనతేలిన చిన్న కమాను. పోనీలే, ఇప్పటికైనా బుద్ధి వచ్చిందనుకున్నాను. దగ్గరికి పోయి చెయ్యి వేస్తే నున్నటి సిమెంటు. పైన ఎర్రరంగు, స్కేలు పెట్టి గీసిన తెల్లగీతలు. రంగు ఇంకా ఆరలేదు. నా అరచేతికి అంటుకుని వచ్చేసింది.