పసుపు కోటువాడికి నేను పెట్టిన మాటలు

గల్ఫ్‌లో, గుదైబియా అనే పేటలో మా గదికి సెలవంటే శుక్రవారమే. నేను టైల్స్ మేస్త్రీని. నాతోపాటు గదిలో ఇద్దరు. ఒకాయన జగిత్యాల వైపు పెద్దాయన, సెంట్రింగ్ పని. నేను కాకా అంటాను. రెండోవాడు రాజమండ్రి నుంచి వచ్చిన డ్రైవరు. పొద్దున చర్చి ప్రార్థనకు వెళ్ళొచ్చి, అన్నం తిని, ఫోనులో జపాను కార్టూన్ సీరియల్ పెట్టుకునేవాడు.

అందులో నవ్వించడమే బతుకుతెరువుగా పెట్టుకున్న ఒకడుంటాడు. బక్కమనిషి, పసుపు కోటు. ప్రతి భాగంలోనూ చిన్న స్టేజీ ఎక్కి ఏదో చెబుతాడు. ఎదురుగా ఉన్న పదిమందీ గుడ్లప్పగించి చూస్తారు. దిగిపోయి, నూడుల్స్ హోటల్లో గిన్నెలు కడుగుతాడు.

మాటలు జపానువి, కింద ఇంగ్లీషు అక్షరాలు. కాకాకు అవి రావు, నాకూ అంతంతమాత్రమే.

"ఏమంటుండురా వాడు?" అన్నాడు కాకా ఒకరోజు.

డ్రైవరు వీడియో ఆపి చదివాడు. "ఏదో చేప గురించి బాబాయ్. ఆ మాటకి జపానులో రెండర్థాలున్నాయంట. మనకి ఎక్కదు."

కాకా ముఖం చిన్నబోయింది. అది చూడలేక, వాడి మాటలకు అర్థం చెబుతున్నట్టే నేను అందుకున్నాను. పసుపు కోటువాడు నోరు తెరిచినప్పుడల్లా మన మాటలు పెట్టాను. "మా ఫోర్మెన్ పొద్దుగాల యల్లా అని పనికి తరుముతడు. మాపటికి ఖలాస్ అని ఇంటికి తోలుతడు. నడుమ ఇంకో మాట రాదు వానికి. పెండ్లాంతోని గూడ గా రెండు మాటలేనట. ఆమె మస్తు సుఖపడుతున్నదట!"

కాకా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇక ప్రతి శుక్రవారం అదే. ఒక చిక్కు మాత్రం వచ్చింది. నా మాటలకు కాకా పడీపడీ నవ్వుతాడు గానీ, ఫోనులో జనం కదలరు. ఆయనకు కోపం ముంచుకొచ్చేది.

"గింత మంచిగ చెప్తుంటే ఒక్కడన్న నవ్వడేందిరా! ఏం మనుషులురా గాళ్ళు?"

చివరికి డ్రైవరు ఆగలేక నిజం చెప్పేశాడు. "బాబాయ్, అతనికి జోకులు రావు. కథే అది. ఈ మాటలన్నీ మన అన్న సొంతంగా పెట్టినవి."

కాకా నన్ను తేరిపార చూశాడు. "అయితే స్టేజి నువ్వెక్కాలె."

నేను నవ్వి ఊరుకున్నాను. కాకా ఊరుకోలేదు. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక హాలులో తెలుగువాళ్ళు కలుసుకుంటారని తెలిసి, నా పేరు ఇచ్చేసి వచ్చాడు.

ఆ రోజు మైకు పట్టుకుని ఫోర్మెన్ ముచ్చట చెప్పాను. ఎవరూ నవ్వలేదు. రెండోది మొదలుపెట్టి సగంలో మరచిపోయాను. ముందు వరుసలో ఒకాయన వాచీ చూసుకున్నాడు. అంత హాలులో కాకా ఒక్కడే నవ్వుతున్నాడు, అదీ నేను చెప్పకముందే. చొక్కా వీపుకు అంటుకుపోయింది. దండం పెట్టి దిగిపోయాను.

"తిండి పెట్టకముందు ఎవడు నవ్వుతడురా? తప్పు వాళ్ళది," అని కాకా తేల్చేశాడు.

ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియక భోజనాల వైపు పోయాను. పప్పు దగ్గర వడ్డించే మనిషి లేడు. గరిటె తీసుకున్నాను. చేతిలో పని ఉంటే నా నోరు దానంతట అదే నడుస్తుంది.

"పప్పు పలచగుందేంటండీ?" అన్నాడు వరుసలో ఒకాయన.

"సముద్రం పక్కనే గదన్నా, పోటు మీదున్నది. జర సేపాగి రా, ఒడ్డు కనబడ్తది."

వెనకున్న నలుగురు నవ్వారు. తరువాత వచ్చినామె ఆసుపత్రిలో నర్సు. "కొంచెమే వేయండి, డైటింగ్‌లో ఉన్నాను," అంది.

"పళ్ళెం డైటింగ్ చేస్తలేదు గదమ్మా, దానికేస్త."

నవ్వులతో వరుస కదలడం మానేసింది. కూర దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా ఇటే వచ్చారు.

"ఇవన్నీ స్టేజీ మీద చెప్పొచ్చు కదండీ?" అంది నర్సు.

"అక్కడ గరిటె లేదమ్మా," అన్నాను. నవ్వించడానికి అనలేదు, ఉన్నమాటే అన్నాను. ఆమె ఇంకా గట్టిగా నవ్వింది.

అప్పటినుంచి తెలుగువాళ్ళు ఎక్కడ భోజనాలు పెట్టినా వడ్డనకు నన్ను పిలుస్తున్నారు. మొన్న బుసైతీన్‌లో ఒక పుట్టినరోజుకు మైకు కూడా ఇస్తామన్నారు. వద్దని, సాంబారు బకెట్ అడిగి తీసుకున్నాను. కాకా అన్నిచోట్లా వరుసలో మొదట నిలబడతాడు. పళ్ళెం నిండాక కూడా పక్కకు జరగకుండా వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు: "వీడు మా రూమోడే!"