తుడిచేసిన బొట్టు

ధవళేశ్వరంలో మా ఇంటి ముందుగదిలో నేను పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఏటా దసరాకి మా ఆవిడ స్కూటర్‌కీ, మిక్సీకీ, నా కంప్యూటర్‌కీ పసుపు రాసి బొట్టు పెట్టేది. ఒక ఏడాది పండగ వెళ్లిన మర్నాటి నుంచి, పెద్ద ఫోటో తెరిస్తే చాలు, స్క్రీన్ నల్లబడి కంప్యూటర్ ఆగిపోయేది. స్క్రీన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, గ్రాఫిక్స్ డ్రైవర్, తీసేసి మళ్లీ వేశాను. పాత డ్రైవర్ కూడా వేసి చూశాను. లాభం లేకపోయింది. నా కోపం ఆవిడ మీదికి మళ్లింది.

"నీ పసుపంతా కంప్యూటర్ ఫ్యాన్‌లో పడింది. మిషన్‌కి బొట్టేంటి, బుద్ధుండక్కర్లా?" అంటూ ఆవిడ ముందే తడిగుడ్డతో తుడిచేశాను.

మరుసటి దసరాకి ఆవిడ స్కూటర్‌కి బొట్టు పెట్టింది, మిక్సీకి పెట్టింది. పళ్లెం పట్టుకుని నా గది గుమ్మం దాకా వచ్చి, వెనక్కి వెళ్లిపోయింది.

ఆ మాఘమాసంలో జ్వరంతో పోయింది.

అన్నాళ్లూ ఫోటోలు చిన్నవి చేసుకుని నెట్టుకొచ్చిన కంప్యూటర్ మొన్న వానాకాలంలో మరీ మొరాయిస్తే రాజమండ్రి తీసుకెళ్లాను. రిపేరు షాపతను స్క్రీన్ మీద బొమ్మ చూపించే నా గ్రాఫిక్స్ కార్డు తీసి తన కంప్యూటర్‌లో పెట్టాడు. ఆ కంప్యూటరూ పది నిమిషాల్లో ఆగిపోయింది.

"కార్డులోనే లోపమండి. మొదట్లోనే ఇలా కార్డు మార్చి చూసుంటే అప్పుడే తెలిసేదండి."

ఫ్యాన్ విప్పించి చూశాను. దుమ్ముంది. పసుపు లేదు.

కొత్త కార్డుతో బాగానే నడుస్తోంది. ఈ దసరాకి నేనే బొట్టు పెడదామనుకున్నాను. ఆవిడ పోయి ఏడాది తిరగలేదు, ఇంట్లో పండగ చేయకూడదని మా అక్క చెప్పింది.